తాగి మానినవారే తాగుడు మాన్పించగలరా?

"ఆ కౌన్సిలర్ ఏనాడైనా గ్లాసు ముట్టుకుందా? నా బాధ ఆవిడకేం తెలుస్తుంది?"

భర్తను డీ-అడిక్షన్ సెంటర్‌కి తీసుకెళ్ళిన చాలామంది ఇల్లాళ్ళకు ఈ మాట కొత్త కాదు. రాకుండా తప్పించుకోవడానికి వేసే ఎత్తు అనిపిస్తుంది గానీ, ఇందులో కొంత నిజం లేకపోలేదు.

గాయపడ్డవాడికే తెలుసు

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడువల్ల చితికినవారే. బిల్ అప్పటికి మానేసి కొద్ది నెలలే. మళ్ళీ తాగాలని మనసు లాగుతుంటే, తనలాంటి మరొకరితో మాట్లాడితే నిలదొక్కుకోవచ్చని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ ఏడాదే డాక్టర్ బాబ్ కూడా మానేశాడు. అలా పుట్టిందే 'ఆల్కహాలిక్స్ ఎనానిమస్'.

ఒకప్పుడు తానూ తాగినవాడి దగ్గర సాకులు చెల్లవు. అవన్నీ తనూ చెప్పినవే కదా! పైగా, "ఇతను మానగలిగాడంటే నేనూ మానగలను" అన్న ఆశ కలుగుతుంది.

అనుభవం ఒక్కటే చాలదు

అయితే తను మానిన పద్ధతే అందరికీ సరిపోతుందనుకుంటే చిక్కే. ఏళ్ళ తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పిన మాటలు రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. అక్కడ డాక్టరే ఉండాలి. వెనక దిగులు జబ్బు ఉందేమో కనిపెట్టడానికీ చదువు కావాలి.

శాంతి రంగనాథన్ గారినే చూడండి. తాగుడు మూలంగా భర్తను పోగొట్టుకున్న ఆవిడ, 1980లో మద్రాసులో భర్త పేర టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. ఆవిడ తాగినవారు కాదు, తాగే మనిషితో కాపురం చేసినవారు. అదీ అనుభవమే! బిల్ భార్య లోయిస్ కూడా అంతే. కుటుంబాల కోసం 1951లో 'ఆల్-ఆనాన్'కి పునాది వేసిన ఇద్దరిలో ఒకరు.

కాబట్టి "మీరు తాగేవారా?" అని కౌన్సిలర్‌ని అడిగేకన్నా ఇవి అడగండి:

* ఈ పనిలో శిక్షణ ఎక్కడ పొందారు? ఎన్నాళ్ళుగా చేస్తున్నారు?

* మానసిక వైద్యుడు అందుబాటులో ఉంటారా?

* తాగి మానినవారితో మాట్లాడే ఏర్పాటుందా?

* ఇంట్లోవాళ్ళకీ కౌన్సెలింగ్ ఇస్తారా?

* తానూ ఒకప్పుడు తాగినవారైతే, మానేసి ఎన్నాళ్ళయింది?

కొట్టి, గొలుసులు వేసి మాన్పిస్తామనే చోటికి మాత్రం వెళ్ళకండి. భర్తకు తెలియకుండా చారులోనో మజ్జిగలోనో మాత్రలు కలపకండి. డైసల్ఫిరామ్ లాంటి మాత్ర కడుపులో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ వచ్చి, బి.పి. పడిపోయి ప్రమాదం కావచ్చు.

ఎవరిని అడగాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఆయన రానంటే ముందు మీరొక్కరే వెళ్ళి మాట్లాడి రండి. ఇన్నాళ్ళూ ఆ కష్టం మోసింది మీరూ కదా!