కాదన్న ఉపకార వేతనం, కావాలన్న లా సీటు
రెండోసారి దరఖాస్తుకు ముందు తేల్చుకోవలసిన లెక్కలు

న్యూఢిల్లీ: పన్నెండో తరగతి పూర్తిచేసి న్యాయవిద్యలో చేరదలచిన విద్యార్థి ఇంటికి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వస్తుంది. బోధనా రుసుములో సగం ఉపకార వేతనంగా ఇస్తామని, ఫలానా తేదీలోగా మొదటి వాయిదా చెల్లించి సీటు ఖరారు చేసుకోవాలని దాని సారాంశం. ఆ విద్యార్థి కోరుకున్నది మాత్రం జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు. అది కొద్దిపాటి ర్యాంకు తేడాతో తప్పిపోయింది. వచ్చిన ఉపకార వేతనాన్ని వదులుకుని, ఏడాది పాటు చదివి మళ్లీ ప్రవేశ పరీక్ష రాయాలా? లేక చేతికందినదానితో సరిపెట్టుకోవాలా? దేశంలో ఏటా అనేక మధ్యతరగతి కుటుంబాలు ఎదుర్కొంటున్న ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నను ప్రతిష్ఠకు, పొదుపుకు మధ్య పోటీగా చూడడం పరిపాటి. నిజానికి ఇందులో ప్రధానమైనది లెక్క. ప్రైవేటు సంస్థ ఇవ్వజూపే ఉపకార వేతనం ప్రతిభకు గుర్తింపే కావచ్చు గానీ, ఆర్థికంగా అది ధరలో తగ్గింపు. ఆ తగ్గింపు ఎన్నేళ్లు నిలుస్తుంది, ఏ షరతులకు లోబడి నిలుస్తుంది, కాదన్న తర్వాత మరుసటి ఏడాది మళ్లీ లభిస్తుందా అన్నవి తేల్చుకోకుండా తీసుకున్న నిర్ణయం, చేరినా చేరకపోయినా, కుటుంబానికి భారమయ్యే ప్రమాదం ఉంది.

పోటీకి మూలం

బెంగుళూరులోని నేషనల్ లా స్కూల్‌లో 1988లో తొలి తరగతులు మొదలయ్యాయి. అయిదేళ్ల సమీకృత న్యాయవిద్యకు అది దేశంలో ఒరవడి పెట్టింది. హైదరాబాద్‌లో నల్సార్ 1998లోను, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2008లోను ఏర్పడ్డాయి. తొలినాళ్లలో ప్రతి విశ్వవిద్యాలయం విడిగా ప్రవేశ పరీక్ష నిర్వహించేది. దరఖాస్తులకు, ప్రయాణాలకు విద్యార్థులు పడుతున్న అవస్థపై 2006లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. దాని ఫలితంగా 2008లో ఏడు విశ్వవిద్యాలయాలతో ఉమ్మడి పరీక్ష ‘క్లాట్’ ప్రారంభమైంది. నేడు ఇరవైకి పైగా విశ్వవిద్యాలయాలు దీని పరిధిలో ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ‘ఐలెట్’ పేరిట సొంత పరీక్ష జరుపుకొంటున్నది.

క్లాట్‌లో 120 ప్రశ్నలకు రెండు గంటల్లో జవాబులు రాయాలి. ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు కోత పడుతుంది. పై ర్యాంకుల్లో ఒకటి రెండు మార్కుల తేడాకే విశ్వవిద్యాలయం మారిపోతుంది. దరఖాస్తు రుసుమే జనరల్ అభ్యర్థులకు 4,000 రూపాయలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 3,500 రూపాయలు. గరిష్ఠ వయోపరిమితి ప్రస్తుతం లేదు గనుక రెండోసారి, మూడోసారి రాయడానికి నిబంధనలు అడ్డురావు. అయితే ఒక ఏడాది ర్యాంకు ఆ ఏడాది ప్రవేశాలకే చెల్లుతుంది. నిరుడు ఎంత చేరువకు వచ్చినా మరుసటి ఏడాది మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

పొంతన లేని క్యాలెండర్లు

విద్యార్థిని ఇరకాటంలో పెడుతున్నది ప్రవేశాల కాలపట్టిక. క్లాట్ 2022 వరకు వేసవిలోనో, ఆ తర్వాతో జరిగేది. ఆ ఏడాది జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో మరుసటి సంవత్సరం ప్రవేశాల కోసం మరొకటి నిర్వహించారు. నాటి నుంచి డిసెంబర్ పరీక్షే ఆనవాయితీ అయింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ పరీక్షలను, ఉత్తరాలను, చెల్లింపు గడువులను తమ వీలును బట్టి నిర్ణయించుకుంటాయి. జాతీయ విశ్వవిద్యాలయాల తుది జాబితాలు వెలువడేదాకా అవి ఆగనక్కరలేదు.

జాబితా వ్యాజ్యంలో చిక్కుకుంటే పరిస్థితి మరీ విషమిస్తుంది. 2025 ప్రవేశాల అనుభవమే ఇందుకు ఉదాహరణ. ఆ పరీక్ష 2024 డిసెంబర్ 1న జరిగింది. అదే నెల 20న ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం రెండు ప్రశ్నల జవాబుల్లో పొరపాటు ఉందని తేల్చింది. వివిధ హైకోర్టుల్లో దాఖలైన వ్యాజ్యాలను సుప్రీంకోర్టు ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. 2025 ఏప్రిల్ 23న డివిజన్ బెంచ్ మార్కుల సవరణకు ఆదేశించింది. విషయం మళ్లీ సుప్రీంకోర్టుకు చేరగా, మే 7న అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పులో కొన్ని మార్పులు చేసి, జాబితాను సవరించి ప్రకటించాలని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్టియంను ఆదేశించింది. పరీక్ష ముగిసి అయిదు నెలలు దాటినా తమ ర్యాంకు ఏదో విద్యార్థులకు తెలియలేదు. ఆ వ్యవధిలో ప్రైవేటు ఉపకార వేతనం చేతిలో ఉన్నవారు చీకట్లోనే నిర్ణయం తీసుకోవలసి వచ్చింది.

అంకెలు చెప్పే కథ

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఈ సమస్యను పరిశీలించవచ్చు. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బోధనా రుసుము ఏడాదికి 6 లక్షల రూపాయలు, వసతి, భోజనాలకు 2 లక్షలు అనుకుందాం. సగం ఉపకార వేతనం బోధనా రుసుముకే వర్తిస్తే కుటుంబం ఏటా 5 లక్షలు, అయిదేళ్లకు 25 లక్షలు భరించాలి. రెండో ఏడాది చివర మార్కులు తగ్గి ఉపకార వేతనం రద్దయితే మిగిలిన మూడేళ్లకు 9 లక్షలు అదనంగా పడి మొత్తం 34 లక్షలవుతుంది.

అదే విద్యార్థి ఈ అవకాశాన్ని కాదని, శిక్షణకు, ఇతర ఖర్చులకు లక్షన్నర వెచ్చించి, మరుసటి ఏడాది అన్నీ కలిపి ఏటా 3 లక్షలు అయ్యే జాతీయ విశ్వవిద్యాలయంలో చేరితే మొత్తం వ్యయం 16.5 లక్షలు. రెండోసారీ అక్కడ సీటు రాక, తాను వదిలిన సంస్థలోనే ఈసారి ఉపకార వేతనం లేకుండా చేరవలసి వస్తే అది 41.5 లక్షలకు చేరుతుంది. ఏడాది ఆలస్యంగా మొదలయ్యే సంపాదన ఈ లెక్కలో చేర్చలేదు. ఒకే నిర్ణయం ఒకవైపు ఎనిమిదిన్నర లక్షలు ఆదా చేయగలదు. మరోవైపు పదహారున్నర లక్షలు అదనంగా మోపగలదు. నష్టం లాభానికి దాదాపు రెట్టింపు.

జాతీయ విశ్వవిద్యాలయమంటే చౌక అన్న అభిప్రాయం కూడా నేడు పూర్తిగా నిజం కాదు. వసతితో కలిపి చాలాచోట్ల ఏటి ఖర్చు 2 లక్షల రూపాయలు దాటింది. కొన్నింటిలో 4 లక్షలకు అటూ ఇటుగా ఉంటున్నది. కనుక పై ఉదాహరణలోని అంకెల స్థానే ఎవరి అంకెలు వారు వేసుకుని చూడడం అవసరం. ఉపకార వేతనం మూడొంతుల రుసుముకు వర్తించి, దానికి గట్టి షరతులేవీ లేకపోతే ఫలితం తారుమారు కావచ్చు.

షరతుల మాటేమిటి?

ఉపకార వేతనం ఉత్తరంలో మొదట కనిపించేది శాతం. చూడవలసింది దాని కింద ఉండే షరతులు. రాయితీ మొదటి ఏడాదికేనా, అయిదేళ్లకా? కొనసాగడానికి ఎన్ని మార్కులు రావాలి? ఒక్క సబ్జెక్టు తప్పినా రద్దవుతుందా? ఏటా రుసుము పెరిగితే రాయితీ కూడా ఆ మేరకు పెరుగుతుందా, లేక తొలి ఏడాది మొత్తం దగ్గరే ఆగిపోతుందా? కుటుంబ ఆదాయ ధ్రువపత్రం ప్రతి ఏడాదీ ఇవ్వాలా? వీటికి రాతపూర్వకంగా సమాధానాలు తెప్పించుకున్నాకే అవుననడమైనా, కాదనడమైనా ఉచితం.

ఉపకార వేతనానికి షరతులు కొత్త కాదు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతోనే. చదువు ముగిశాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్నది ఒప్పందం. 1916లో ఆయన లండన్ చేరి గ్రేస్ ఇన్‌లో న్యాయవిద్యకు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో అర్థశాస్త్రానికి నమోదయ్యారు. 1917లో ఉపకార వేతనం గడువు తీరడంతో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. అయితే నాలుగేళ్లలోగా వచ్చి చదువు కొనసాగించేందుకు లండన్ విశ్వవిద్యాలయం నుంచి ముందే అనుమతి పొందారు. బొంబాయిలోని సిడెన్‌హామ్ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో, కొల్హాపూర్ మహారాజు సహాయంతో, ఒక మిత్రుని వద్ద తీసుకున్న అప్పుతో 1920లో తిరిగి వెళ్లారు. 1923 నాటికి బారిస్టరు పట్టా, డి.ఎస్సీ. రెండూ సాధించారు. ఆయన ఉపకార వేతనాన్ని కాదనలేదు, గడువే తీరింది. అయినా వెనక్కి వచ్చే ముందు తలుపు మూసుకుపోకుండా చూసుకున్న ఆ జాగ్రత్త నేటి విద్యార్థికీ పనికివస్తుంది. ప్రవేశాన్ని ఏడాది వాయిదా వేయడానికి వీలుందా, ఉంటే ఉపకార వేతనం కూడా నిలుస్తుందా అని అడగడానికి ఖర్చేమీ లేదు. అడగకుండా వదులుకుంటే, మరుసటి ఏడాది కొత్త పరీక్షలో, కొత్త అభ్యర్థుల మధ్య, పాత ఉత్తరానికి ఏ విలువా ఉండదు.

మధ్యేమార్గాలు

ప్రైవేటు సంస్థలో చేరి, మొదటి ఏడాది చదువుతూనే డిసెంబర్‌లో క్లాట్ మళ్లీ రాయడం ఒక పద్ధతి. సీటు వస్తే అక్కడ తిరిగి మొదటి సంవత్సరంలోనే చేరాలి. పై ఉదాహరణ ప్రకారం మొదటి ఏడాది 5 లక్షలు పోయినా మొత్తం వ్యయం 20 లక్షల వద్ద ఆగుతుంది. సీటు రాకపోతే ఉపకార వేతనం చేతిలోనే ఉంటుంది. రెండు పడవల ప్రయాణంలో కళాశాల మార్కులు తగ్గి ఆ ఉపకార వేతనమే చేజారకుండా చూసుకోవడం మాత్రం కష్టం.

చేరిన కొద్ది వారాలకే వైదొలగదలచిన వారికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనలు కొంత ఊరటనిస్తాయి. 2024-25 సంవత్సరానికి సంఘం ప్రకటించిన విధానం ప్రకారం సెప్టెంబర్ 30లోగా వైదొలగితే రుసుము పూర్తిగాను, అక్టోబర్ 31లోగా అయితే గరిష్ఠంగా 1,000 రూపాయలు మినహాయించుకునీ తిరిగి ఇవ్వాలి. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోవడానికి వీల్లేదని 2018 నాటి ప్రకటన స్పష్టం చేసింది. చేరే ఏడాదికి వర్తించే తేదీలను సరిచూసుకోవడం విద్యార్థి బాధ్యత.

రుణసహాయం మరో ఆధారం. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికచేసిన ఉన్నత విద్యాసంస్థల్లో చేరేవారికి పూచీ, తాకట్టు లేకుండా బ్యాంకులు రుణమిస్తాయి. ఏడాదికి 8 లక్షల రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలకు, ఇతర ప్రభుత్వ ఉపకార వేతనం పొందని పక్షంలో, 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. చేరబోయే సంస్థ ఆ జాబితాలో ఉందా లేదా అన్నది ముందే చూసుకోవాలి. పేద, గ్రామీణ విద్యార్థులకు క్లాట్ శిక్షణ ఇచ్చి, చదువుకు తోడ్పడే లక్ష్యంతో న్యాయశాస్త్ర ఆచార్యుడు దివంగత షమ్నాద్ బషీర్ 2010లో నెలకొల్పిన ‘ఇడియా’ సంస్థ కూడా ఈ రంగంలో పనిచేస్తున్నది.

అయిదేళ్ల కోర్సు ఒక్కటే న్యాయవాద వృత్తికి దారి కాదన్న సంగతి ఈ హడావిడిలో మరుగున పడుతున్నది. తెలుగు రాష్ట్రాల్లో లాసెట్ ద్వారా అయిదేళ్ల కోర్సుతో పాటు డిగ్రీ అనంతరం మూడేళ్ల కోర్సులోనూ చేరవచ్చు. 1924లో ఏర్పడిన ఢిల్లీ విశ్వవిద్యాలయ న్యాయ విభాగంలో మూడేళ్ల ఎల్‌ఎల్.బి. నేటికీ తక్కువ రుసుముతో లభిస్తున్నది. బెంగుళూరు నేషనల్ లా స్కూల్ సైతం 2022 నుంచి మూడేళ్ల కోర్సును నిర్వహిస్తున్నది. పదిహేడేళ్ల వయసులో తప్పిన అవకాశం డిగ్రీ తర్వాత మరో రూపంలో ఎదురుపడవచ్చు.

విద్యార్థుల జాగ్రత్త ఎంత అవసరమో వ్యవస్థలో సర్దుబాటూ అంతే అవసరం. జాతీయ విశ్వవిద్యాలయాల తుది జాబితా వెలువడేదాకా ప్రైవేటు సంస్థలు ఉపకార వేతనాల గడువును నిలిపి ఉంచితే, షరతులను ఉత్తరంలోనే వివరంగా ముద్రిస్తే, సగం సమస్య తీరుతుంది. అంతవరకు, అవునని సంతకం చేసే ముందు గానీ, కాదని ఉత్తరం రాసే ముందు గానీ, ఇంటిల్లిపాదీ కూర్చుని అయిదేళ్ల ఖర్చును కాగితం మీద వేసి చూసుకోవడమే మేలు.