సముద్రం లేని ఊళ్లో తెరచాప పందెం

మారేడ్‌పల్లిలో బయల్దేరి, ప్యారడైజ్ దాటి నెక్లెస్ రోడ్డెక్కితే అదిగో హుస్సేన్‌సాగర్! జులై నెల. సన్నటి ముసురు. మొక్కజొన్న పొత్తుల బండివాడు ఇంకా బొగ్గులు రాజేస్తూనే ఉంటాడు. అప్పటికే నీళ్ల మీద వరసగా తెల్లటి తెరచాపలు. దూరం నుంచి చూస్తే కాగితప్పడవల్లా ఉంటాయి. దగ్గరికెళ్తే ఆశ్చర్యం... ఒక్కో పడవలో ఒక్కరే. పదేళ్ల పాప, పన్నెండేళ్ల బాబు. ఒక చేతిలో చుక్కాని కర్ర, ఇంకో చేతిలో తెరచాప తాడు. పక్కన పెద్దవాళ్లెవరూ ఉండరు.

‘అమ్మో... అంత నీళ్లలో ఒంటరిగా వదిలేస్తారా?’ గట్టు మీద నిలబడి చూసే తల్లుల నోట మొదట వచ్చే మాట ఇదే. నిజమే, సముద్రం ఇక్కడికి దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరం. ఇళ్లలో పిల్లల్ని చెరువు దరిదాపులకే వెళ్లనివ్వని ఊరు మనది. అలాంటి చోట తెరచాప పందేలేంటి?

గాలి కోసం... వానాకాలం కోసం!

హుస్సేన్‌సాగర్ నిండు నీటిమట్టం సముద్ర మట్టానికి 513 మీటర్ల పైన. అంటే ఇది దక్కన్ పీఠభూమి మీద కూర్చున్న చెరువు. రుతుపవనాలు మొదలయ్యాక పడమటి గాలి ఇక్కడ జోరుగా వీస్తుంది. సరిగ్గా అప్పుడే అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ముంబయి తీరంలో చిన్న పడవలు దించే వీలుండదు. అందుకే జులై వస్తే చాలు, దేశం నలుమూలల నుంచి సెయిలింగ్ క్రీడాకారులు పడవలతో సహా సికింద్రాబాద్ దారి పడతారు. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, లేజర్ క్లాస్ అసోసియేషన్‌తో కలిసి నిర్వహించే ‘హైదరాబాద్ సెయిలింగ్ వీక్’ దశాబ్దాల నుంచీ ఉన్న పోటీ. 2009లో సుహేమ్ షేక్ హైదరాబాద్ యాట్ క్లబ్ పెట్టాక పిల్లల కోసం ‘మాన్‌సూన్ రెగట్టా’ మొదలైంది.

అంతకుముందు సెయిలింగ్ అంటే సైనికాధికారులో, బాగా డబ్బున్నవాళ్లో ఆడే ఆట అనే పేరుండేది. ఆ పేరు పూర్తిగా పోయిందని ఇప్పటికీ అనలేం.

రెండు ప్లైవుడ్ రేకుల పడవ

పిల్లలు నడిపే ఆ బుల్లి పడవ పేరు ఆప్టిమిస్ట్. పొడవు ఎనిమిది అడుగులకు కాస్త తక్కువ. బరువు 35 కిలోలు. ముక్కు కోసేసినట్టు మొండిగా ఉంటుంది. దాని వెనక ఓ కథ ఉంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, క్లియర్‌వాటర్ అనే ఊళ్లో పిల్లలకు చవగ్గా ఓ పడవ కావాలన్నారు. ఖర్చు 50 డాలర్లు దాటకూడదన్నది షరతు. క్లార్క్ మిల్స్ అనే పడవల తయారీదారు ఆ పని తలకెత్తుకున్నాడు. అప్పట్లో ప్లైవుడ్ రేకు ఎనిమిదడుగులే దొరికేది. పడవకు కోణంగా ముక్కు పెడితే చెక్క చాలదు. కాబట్టి మొండిగానే వదిలేశాడు! ఇవాళ పదిహేనేళ్లలోపు పిల్లల పోటీలకు ప్రపంచమంతా వాడేది దీన్నే. చవక అన్న మాట మాత్రం మిగల్లేదు. పోటీలకు పనికొచ్చే కొత్త పడవ కొనాలంటే లక్షల్లోనే.

దీనికి ఇంజిన్ లేదు, తెడ్డు లేదు. అంతా గాలే. గాలి వెనక నుంచి వీస్తే పడవ ముందుకెళ్తుంది, సరే. మరి ఎదురుగాలికి ఎలా వెళ్తుంది? ఇక్కడే ఉంది కిటుకు. పడవ మధ్యలో నీళ్లలోకి దిగే ఓ పలక ఉంటుంది. తెరచాపను గాలి పక్కకు నెడుతుంటే, ఆ పలక పడవను పక్కకు జరగనివ్వదు. తడి సబ్బుబిళ్లను రెండు అరచేతుల మధ్య నొక్కితే ఎటు జారుతుంది? ముందుకే కదా. అలాగే పడవ కూడా. అయితే గాలికి సూటిగా ఎదురెళ్లడం మాత్రం ఎవరి తరమూ కాదు. దాదాపు 45 డిగ్రీలు ఏటవాలుగా కొంత దూరం వెళ్లి, మళ్లీ రెండో వైపు తిరిగి, ఘాట్ రోడ్డు ఎక్కినట్టు మెలికలు తిరుగుతూ వెళ్లాలి. ఎప్పుడు మలుపు తిప్పాలన్నదే అసలు తెలివి. నగరం మధ్య చెరువు కావడంతో గాలి భవనాల్ని చుట్టుకుంటూ వస్తుంది. ఒకచోట చెంపదెబ్బలా తగులుతుంది, పదడుగుల అవతల ఊపిరి పీల్చనట్టు ఆగిపోతుంది. నీటి మీద నల్లగా ముడతలు పడుతూ వచ్చే చోటును చూసి, గాలి ఎటు నుంచి వస్తోందో పదేళ్ల పిల్లలు ముందే పసిగడతారు.

పందెం మొదలయ్యే తీరూ తమాషాగా ఉంటుంది. అందరూ ఒక గీత మీద నిలబడి తుపాకీ పేలగానే పరుగెత్తే ఆట కాదిది. నీళ్ల మీద పడవను నిలబెట్టలేరు కదా! అందుకే అయిదు నిమిషాల ముందు ఓ జెండా, నాలుగు నిమిషాల ముందు ఇంకోటి ఎగరేస్తారు. ఆ అయిదు నిమిషాలూ పడవలన్నీ గీత వెనక గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. సమయం సున్నాకి వచ్చే క్షణానికి సరిగ్గా గీత దాటాలి. ఒక్క సెకను ముందు దాటినా వెనక్కి వచ్చి మళ్లీ బయల్దేరాల్సిందే. గాలి కుడివైపు నుంచి తగిలే పడవకే దారి హక్కు. ‘స్టార్‌బోర్డ్!’ అని గట్టిగా ఓ కేక పడితే ఎదుటివాళ్లు తప్పుకోవాలి. తప్పు జరిగిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఒడ్డుకొచ్చాక న్యాయనిర్ణేతల ముందు విచారణ. సాక్షుల్ని కూడా పిలుస్తారు. ఇంట్లో ప్రతిదానికీ వాదించే పిల్లలకు ఇదేమంత కొత్త కాకపోవచ్చు!

నాలా పక్క నుంచి...

మారేడ్‌పల్లి పక్కనే పికెట్ నాలా. ఆ నీళ్లు రసూల్‌పురా బస్తీల పక్క నుంచి పారి హుస్సేన్‌సాగర్‌లోనే కలుస్తాయి. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్ నాలాలదీ అదే దారి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌షా వలీ తవ్వించిన ఈ చెరువు ఒకప్పుడు జంటనగరాలకు మంచినీళ్లిచ్చింది. తర్వాతర్వాత మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, నిమజ్జనం విగ్రహాలు... అన్నీ దీంట్లోకే. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాల సంగతి 2021లో హైకోర్టు దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడవ బోల్తా పడితే పిల్లలు పడేది ఆ నీళ్లలోనే. బోల్తా పడటం ఈ ఆటలో రోజూ ఉండేదే. పడవ ప్రపంచ స్థాయిది, పోటీ జాతీయ స్థాయిది, నీళ్ల సంగతి చెప్పుకోడానికే సిగ్గేస్తుంది.

విచిత్రం ఏంటంటే, వానొస్తే ఏ నాలా పొంగి ఇళ్లలోకి వస్తుందో ఆ రసూల్‌పురా పిల్లలే ఈ చెరువు మీద తెరచాపలు ఎత్తారు. అక్కడి ఉద్భవ్ పాఠశాల విద్యార్థులకు యాట్ క్లబ్ శిక్షణనిచ్చింది. నీళ్లంటే ఇంట్లోకి వచ్చే కష్టమనుకునే ఇళ్ల నుంచి జాతీయ పోటీలకు వెళ్లినవాళ్లున్నారు. ఇదే హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పట్టిన కొంగర ప్రీతి 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇద్దరు నడిపే 470 తరగతి పడవలో పోటీ పడింది. ఆ క్రీడల్లోనే మధ్యప్రదేశ్ అమ్మాయి నేహా ఠాకూర్ రజతం తెచ్చింది. ఆమెదీ సముద్రం లేని రాష్ట్రమే. ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి భారతీయ సెయిలర్ అమ్మాయి, చెన్నైకి చెందిన నేత్రా కుమనన్. టోక్యోలో ఒకసారి, పారిస్‌లో రెండోసారి.

అక్కడ గాలంటే భయం

వెస్ట్ మారేడ్‌పల్లిలో పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్న ఇళ్లకు తాహో సరస్సు ఫొటోలు కొత్త కాదు. సియెర్రా నెవాడా కొండల మధ్య, 1,897 మీటర్ల ఎత్తున, 22 మైళ్ల పొడవున ఉండే నీలం సరస్సది. అక్కడ తెరచాప కూడా లేకుండా ఓ పలక మీద నిలబడి, పొడవాటి తెడ్డు వేసుకుంటూ సరస్సు ఒక కొస నుంచి ఇంకో కొసకు పందేలు వేస్తారు. పాడిల్ బోర్డింగ్ అంటారు. హవాయిలో 1997 నుంచి మొలకాయ్ దీవికీ ఓహు దీవికీ మధ్య సముద్రం మీదే 32 మైళ్లు జరుగుతోంది. మనదేశంలోనూ 2024లో మంగళూరు దగ్గర ససిహిత్లు తీరంలో అంతర్జాతీయ పోటీ పెట్టారు. తాహోలో మధ్యాహ్నానికి గాలి లేచి అలలు పెరిగితే పలక మీద నిలబడటమే గగనం. హుస్సేన్‌సాగర్‌లో సంగతి తిరగబడుతుంది. గాలి పడిపోతే ఎరుపు తెలుపు చారల జెండా ఎగరేసి పోటీ ఆపేస్తారు. పిల్లలు పడవల్లోనే కూర్చుని బిస్కెట్లు తింటూ గాలి కోసం ఎదురుచూస్తారు.

ఇంతకీ ఆ తల్లుల భయం సంగతి? పడవలో మూడు గాలిసంచులుంటాయి. తలకిందులైనా మునగదు. లైఫ్‌జాకెట్ లేకుండా ఎవర్నీ నీళ్లలోకి దించరు. పక్కనే మోటారు బోట్లు తిరుగుతుంటాయి. బోల్తా పడిన పడవను తిప్పుకోవడం, బుంగతో నీళ్లు తోడుకోవడం ముందుగా నేర్పే పాఠాలు. ఈత వచ్చి, ఎనిమిది తొమ్మిదేళ్లు నిండితే మొదలుపెట్టొచ్చు. చూడ్డానికి వెళ్లేవాళ్లు మరీ పొద్దున్నే వెళ్లనక్కర్లేదు. ఇక్కడ గాలి పుంజుకునేది కాస్త పొద్దెక్కాకే.