నల్ల స్క్రీన్, ఒక్క కమాండ్ విండో: సర్వర్ ఇమేజ్‌లో పోయిందేంటి, మిగిలిందేంటి?

పోయిన ఎపిసోడ్‌లో సర్వర్ కోర్ గురించి మాట్లాడుతూ, "డెస్క్‌టాప్ తీసేసినా పర్లేదు, కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చు" అని ఒక మాట అనేశాను. అది సగమే నిజం. ఏ వెర్షన్, ఆ ఇమేజ్ ఎవరు ఎలా తయారుచేశారు అన్నదాన్ని బట్టి మిగతా సగం ఉంటుంది. టైమ్ చాలక వదిలేసిన ఆ సగం ఇక్కడ రాస్తున్నాను. ట్రాన్‌స్క్రిప్ట్‌లో లాగే కమాండ్లను పలికినట్టే రాస్తాను.

కొన్నేళ్ల కిందటి మాట. నేను డల్లాస్‌లో, మా టీమ్‌లో సగం మంది హైదరాబాద్‌లో. ఇక్కడ శనివారం రాత్రి పది, అక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. ఫోన్ మోగింది.

"అన్నా, సర్వర్‌లో డెస్క్‌టాప్ పోయింది. నల్ల స్క్రీన్, కమాండ్ విండో ఒక్కటే ఉంది. నేనేం ముట్టుకోలేదన్నా."

ఏం ముట్టుకోలేదు అన్నవాళ్లు ఏదో ఒకటి ముట్టుకునే ఉంటారు, నేనూ అంతే. అడగ్గా అడగ్గా చెప్పాడు. ఒక అప్లికేషన్ మొండికేస్తుంటే డాట్‌నెట్ 4.5 తీసేసి మళ్లీ వేద్దామనుకున్నాడట. సర్వర్ మేనేజర్‌లో దాని టిక్కు తీశాడు. "దీంతోపాటు ఇవి కూడా పోతాయి" అని లిస్టు వస్తే చదవకుండా ముందుకు వెళ్లిపోయాడు.

విండోస్ సర్వర్ 2012లో గ్రాఫికల్ షెల్, సర్వర్ మేనేజర్, పవర్‌షెల్ అన్నీ డాట్‌నెట్ మీదే నిలబడి ఉంటాయి. పునాది లాగేస్తే పైన ఉన్నవన్నీ దిగిపోయాయి. కానీ సర్వర్ చెడిపోలేదు. అది సర్వర్ కోర్‌గా మారింది, అంతే. తీసేసిన వాటి ఫైళ్లు ఇంకా డిస్కులోనే, విండోస్ ఫోల్డర్ లోపలి కాంపోనెంట్ స్టోర్‌లో భద్రంగా ఉన్నాయి. పవర్‌షెల్ కూడా లేదు కాబట్టి కమాండ్ విండోలోంచే డీఐఎస్‌ఎంతో ముందు డాట్‌నెట్, తర్వాత పవర్‌షెల్ ఆన్ చేశాం. ఆ పైన పవర్‌షెల్‌లోంచి జీయూఐ ఫీచర్లు రెండూ వేశాం. రీబూట్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేసింది. మధ్యలో కంగారులో ఆ ఒక్క కమాండ్ విండో కూడా క్లోజ్ చేసేశాడు. మీకూ అలా అయితే భయపడకండి: కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టి, టాస్క్ మేనేజర్ తెరిచి, రన్ న్యూ టాస్క్‌లో సీఎండీ అని టైప్ చేస్తే తిరిగొస్తుంది.

అసలు కథ వారం తర్వాత. వేరే సర్వర్ల మీద ఒక వెండార్ సాఫ్ట్‌వేర్ వేయాలి, దాని ఇన్‌స్టాలర్‌కి డెస్క్‌టాప్ కావాలి. అవి 2012 ఆర్2 సర్వర్లు, కోర్ మీద ఉన్నాయి. తెలిసిన వైద్యమే కదా అని తమ్ముడు అవే జీయూఐ ఫీచర్లు వేయబోయాడు. ఈసారి 800ఎఫ్081ఎఫ్ ఎర్రర్: సోర్స్ ఫైళ్లు దొరకలేదు అని. మళ్లీ ఏదో పాడుచేశాడని అందరూ అతని వైపే చూశారు. మేనేజర్ మెయిల్‌లో అతని పేరే ఉంది.

నిజానికి ఆ ఇమేజ్ చేసింది నేను. డిస్క్ స్పేస్ ఆదా అవుతుందని జీయూఐ ఫీచర్లను అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రిమూవ్ అనే స్విచ్ కూడా కలిపాను. ఉత్తగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఫైళ్లు స్టోర్‌లో ఉంటాయి, రిమూవ్ కలిపితే అవి కూడా పోతాయి. గెట్ విండోస్‌ఫీచర్ కమాండ్ కొడితే చివరి కాలమ్‌లో తేడా కనిపిస్తుంది: అవైలబుల్ అని ఉంటే సరుకు ఇంట్లోనే ఉంది, రిమూవ్డ్ అని ఉంటే బయటనుంచి తెచ్చుకోవాలి. మామూలుగా విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది. మా సర్వర్లకి ఇంటర్నెట్ లేదు.

సరే, ఐఎస్‌ఓలోని ఇన్‌స్టాల్ డాట్ విమ్ ఫైలుని సోర్స్‌గా చూపించాం. అదే ఎర్రర్. ఆ ఒక్క ఫైల్లో నాలుగు ఇమేజ్‌లు ఉంటాయి: 1 స్టాండర్డ్ కోర్, 2 స్టాండర్డ్ డెస్క్‌టాప్‌తో, 3 డేటాసెంటర్ కోర్, 4 డేటాసెంటర్ డెస్క్‌టాప్‌తో. తమ్ముడు 1 ఇచ్చాడు. కోర్ ఇమేజ్‌లో డెస్క్‌టాప్ ఫైళ్లు ఎక్కడినుంచి వస్తాయి? 2 ఇచ్చినా కుదరలేదు. ఎందుకంటే సర్వర్లకి నెలల తరబడి అప్‌డేట్లు పడ్డాయి, ఐఎస్‌ఓ మాత్రం పాతది. చివరికి విమ్‌ని మౌంట్ చేసి, అవే అప్‌డేట్లు దాంట్లోకి ఎక్కించి, కమిట్ చేసి, దాన్ని సోర్స్‌గా ఇస్తే పని జరిగింది. ఆదివారం మొత్తం దానికే పోయింది. సోమవారం మేనేజర్‌కి ఇంకో మెయిల్ రాశాను: ఇమేజ్ నాది, స్విచ్ నాది, అతనిది కాదు అని. రాయడానికి పది నిమిషాలు పట్టింది, సెండ్ నొక్కడానికి ఇంకో పది.

2012లో మధ్యరకం కూడా ఒకటి ఉండేది, మినిమల్ సర్వర్ ఇంటర్‌ఫేస్ అని. ఫైల్ ఎక్స్‌ప్లోరర్, స్టార్ట్ స్క్రీన్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉండవు. సర్వర్ మేనేజర్, ఎంఎంసీ కన్సోళ్లు పనిచేస్తాయి. నన్నడిగితే సర్వర్‌కి అంతకన్నా అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2016లో తీసేసింది.

దాంతోపాటు అటూ ఇటూ మారే దారి కూడా మూసేసింది. 2016 నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. లిస్టులో "డెస్క్‌టాప్ ఎక్స్‌పీరియన్స్" అన్న మాట లేని లైను ఎంచుకుంటే వచ్చేది కోరే. "ఇమేజ్ కరప్ట్ అయింది, డెస్క్‌టాప్ రావట్లేదు" అనే ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే. రిజిస్ట్రీలో విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్ కింద ఇన్‌స్టలేషన్ టైప్ విలువ చూడండి. సర్వర్ కోర్ అని ఉంటే రిపేర్ చేయడానికి ఏమీ లేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే. 2012 ఆర్2 మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో అయిపోయింది కాబట్టి, అక్కడి అలవాట్లతో కొత్త వెర్షన్లకి వచ్చినవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటున్నారు.

2019 నుంచి చిన్న ఊరట ఉంది. యాప్ కంపాటిబిలిటీ అనే ఫీచర్ ఆన్ డిమాండ్ వేస్తే కోర్ మీదే ఈవెంట్ వ్యూయర్, డివైస్ మేనేజర్, డిస్క్ మేనేజ్‌మెంట్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ లాంటివి వస్తాయి. పూర్తి డెస్క్‌టాప్ మాత్రం కాదు. 2022 కోర్‌లో లాగిన్ అవగానే ఎస్‌కాన్ఫిగ్ మెనూ వస్తుంది. 15 నొక్కితే పవర్‌షెల్‌కి పోతారు.

సిస్‌ప్రెప్ ఫెయిలైతే స్క్రీన్ మీది మెసేజ్‌ని నమ్మకండి, అది దాదాపు ఏమీ చెప్పదు. సిస్‌ప్రెప్ ఫోల్డర్‌లోని పాంథర్‌లో సెటప్ ఎర్రర్ లాగ్ తెరవండి. డెస్క్‌టాప్ ఉన్న ఇమేజ్‌ల్లో తరచూ కనిపించేది, ఒక యాప్ ప్యాకేజీ ఒక్క యూజర్‌కే ఇన్‌స్టాల్ అయి, అందరికీ ప్రొవిజన్ కాకపోవడం. ప్యాకేజీ పేరు ఆ లాగ్‌లోనే ఉంటుంది, దాన్ని తీసేసి మళ్లీ నడపండి. ఇమేజ్ వేశాక మొదటి బూట్‌లోనే ఆగిపోతే షిఫ్ట్ ఎఫ్10తో కమాండ్ విండో తెరిచి, విండోస్ కింద ఉన్న పాంథర్ ఫోల్డర్ చూడండి.

ఇప్పుడు మా దగ్గర ఇమేజ్‌లు చేసేది ఆ తమ్ముడే. ప్రతి ఇమేజ్ పక్కన అప్‌డేట్లు ఎక్కించిన విమ్, ఒక నోట్‌ప్యాడ్ ఫైలు పెడతాడు: ఏం తీశాడు, ఎందుకు తీశాడు, ఏ తేదీన అని. ఆ ఫైలు లేకుండా నేను ఇమేజ్ పంపితే తిప్పి పంపిస్తాడు, పోయిన నెల కూడా పంపాడు. వచ్చే ఎపిసోడ్‌లో విండోస్ అడ్మిన్ సెంటర్ గురించి మాట్లాడుకుందాం.