మంచుకొండల బడి

పొందూరు పేరు వినగానే ఎవరికైనను సన్నని ఖద్దరు జ్ఞప్తికి వచ్చును. వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, ఏకులు చుట్టి, రాట్నముపై నూరవ నంబరు నూలు వడకు నేర్పు ఆ యూరి స్త్రీల సొత్తు. అచ్చటి పిల్లలకు నూలుపోగు సంగతి తెలిసినట్లు మంచు సంగతి తెలియదు. శ్రీకాకుళము సీమవారి కంటికి గొప్పకొండ యనిన పొరుగున ఒడిషాలో నున్న మహేంద్రగిరియే. దాని యెత్తు సుమారు 1500 మీటర్లు. దానిపై మంచు పేరుకొనదు.

అయినను ఈ సీమకు హిమాలయములతో ఒక సంబంధము కలదు. పొందూరు స్టేషను మీదుగా దక్షిణమునకు పోవు రైలుమార్గముననే, విజయనగరము దాటిన పిదప, కోరుకొండ యను చిన్న స్టేషను వచ్చును. అచ్చట 1962లో సైనిక పాఠశాల వెలసెను. విజయనగర సంస్థానమువారైన పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ కోరుకొండ భవనమును, దాని చుట్టునున్న భూమిని అందులకు ఒసగిరి. ఆ పాఠశాలలో చదివిన ఎం. ఉదయభాస్కరరావు సైన్యమున లెఫ్టినెంటు అయి, 1985లో భారతసైన్యము ఎవరెస్టుపైకి పంపిన బృందమున చేరెను. ఆ యాత్ర విషాదముగా ముగిసెను. అక్టోబరు నెలలో అయిదుగురు అధికారులు ఆ పర్వతముపై ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఉదయభాస్కరరావు ఒకడు.

పాఠశాలవారు ఆయన విగ్రహమును నిలిపిరి. తరువాత నెల్లూరు జిల్లాలోని గాంధీజనసంగమను పల్లెనుండి వచ్చి అచ్చట చదివిన మల్లి మస్తాన్‌బాబు అను బాలునకు ఆ విగ్రహమును చూచియే కొండలపై మనసు కలిగెను. కొండపై మరణించిన వాని ప్రతిమను చూచిన పిల్లవానికి భయము కలుగుట సహజము. ఆ బాలునకు కలిగినది భయము కాదు. ఆతడు 2006లో ఏడు ఖండముల మహోన్నత శిఖరములను 172 దినములలో అధిరోహించెను. అంత తక్కువ కాలములో ఆ పని చేసినవారు అంతకు మున్ను లేరు.

కొండ యెక్కుటకు కాళ్లును గుండెయు చాలును గదా, దానికొక బడి యేల, దానికి ప్రభుత్వము ధనము వెచ్చించుట యేల అని యడుగువారు కలరు. ఆ ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానము తెలియవలెనన్న ఆ బడిలో ఏమి నేర్పుదురో చూడవలయును.

1953 మే 29వ తేదీన టెన్సింగు నార్గే, ఎడ్మండు హిల్లరీ ఎవరెస్టు శిఖరముపై నిలిచిరి. అంతవరకు హిమాలయ యాత్రలలో పథకము వేయువారు విదేశీయులు, మూటలు మోయువారు షెర్పాలు. మన దేశపు యువకులకు ఈ విద్య నేర్పు సంస్థ మన దేశమున లేదు. ఆ కొరత తీర్చుటకై ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ, బెంగాలు ముఖ్యమంత్రి బిధాన్‌చంద్ర రాయ్ పూనుకొనిరి. 1954 నవంబరు 4వ తేదీన డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ ప్రారంభమయ్యెను. దీని భారమును కేంద్ర రక్షణశాఖయు పశ్చిమబెంగాలు ప్రభుత్వమును కలిసి వహించుచున్నవి. ప్రథమ ప్రధానాధ్యాపకుడు మేజరు నరేంద్రధర్ జయాల్. కొండలపై శిక్షణ నిచ్చు భారము టెన్సింగుది. స్విట్జర్లాండుకు చెందిన ఆర్నల్డు గ్లాటార్డు అను పర్వతారోహకుడు సంస్థకు సలహాదారై, టెన్సింగును మరికొందరు షెర్పాలను తన దేశమునకు రప్పించుకొని బోధనపద్ధతులు నేర్పెను. చదువను వ్రాయను నేర్వని టెన్సింగు ఆ బడికి గురువగుట గమనింపదగిన విషయము. పుస్తకములలో లేని విద్య అది.

డార్జిలింగు బజారే సముద్రమట్టమునకు 2000 మీటర్ల యెత్తున, అనగా మహేంద్రగిరి శిఖరము కంటె ఎక్కువ యెత్తున, ఉన్నది. సంస్థలో ప్రాథమిక శిక్షణ 28 దినములు సాగును. మొదటి దినములు పట్టణమునకు దాపున నున్న బండలపై గడచును. అందొక పెద్దబండకు టెన్సింగు పేరే పెట్టినారు. పిమ్మట విద్యార్థులు సిక్కిములోని యుక్సం గ్రామమునుండి మూటలు వీపున మోసికొని అడవులగుండ నడచి, 4400 మీటర్లు దాటిన యెత్తున నున్న చౌరీఖాంగ్ శిబిరమును చేరుదురు. అచ్చటికి సమీపమున రాథోంగ్ హిమానీనదము కలదు. అసలైన పాఠశాల అది.

బండపై నేర్చుకొనవలసినవానిలో ముఖ్యమైనది త్రాటి సంగతి. పూర్వము పర్వతారోహకులు అరటిజాతికి చెందిన ఒక చెట్టు నారతో పేనిన మనీలా త్రాళ్లను వాడెడివారు. అవి తడిసినచో బరువెక్కి, చలికి గడ్డకట్టి, కట్టెలవలె బిగిసిపోయెడివి. రెండవ ప్రపంచయుద్ధకాలము నుండి నైలాను త్రాళ్లు వచ్చినవి. నేటి త్రాడు వ్రేలిమందము మాత్రమే యుండును. దానిని కోసి చూచినచో లోపల వేలకొలది సన్నని పోగులు జట్లుగా పేనబడి యుండును. వాటిపై నేతతో అల్లిన తొడుగు ఉండును. బరువును మోయునవి ముఖ్యముగా లోపలి పోగులు; రాతి రాపిడిని ఓర్చుకొనునది పైతొడుగు. పోగునకు పోగు తోడైన బలము వచ్చునని పొందూరు నేతగానికి వేరుగా చెప్పనక్కర లేదు. కాని కొండత్రాటికి మరియొక గుణము కావలయును. అది సాగవలయును. సాగని త్రాడు పడిన మనిషిని ఆపును గాని, ఆపిన యదరుకు నడుము విరుగును. నైలాను త్రాడు గట్టి దెబ్బకు తన పొడవులో నాలుగవ వంతుకు పైగా సాగి, ఆ వేగమును కొంచెము కొంచెముగా మ్రింగివేయును.

ఇద్దరు ఎక్కునపుడు ఒకడు కదలును, రెండవవాడు తన్ను బండకు కట్టుకొని త్రాటిని పట్టియుండును. పైవాడు జారినచో క్రిందివాడు ఆ క్షణముననే త్రాటిని బిగింపవలయును. వాడు అటునిటు చూచుచుండుటకు వీలు లేదు, ముచ్చటలాడుటకు వీలు లేదు. ఎక్కువాని సాహసము అందరికిని కనబడును. పట్టువాని శ్రద్ధ ఎవరికిని కనబడదు. ఈ బడిలో కనబడని పనికే విలువ ఎక్కువ.

మంచుపై ఆట వేరు. బూట్ల క్రింద ఉక్కుకోరలు కట్టుకొని, చేత మంచుగొడ్డలి పట్టి నడువవలయును. వాలుపై కాలు జారినవాడు లేచి నిలువబడుటకు ప్రయత్నించిన ప్రమాదమే. వెంటనే బోరగిల తిరిగి, గొడ్డలి ముక్కును భుజము దాపున మంచులో గ్రుచ్చి, దేహభారమంతయు దానిపై మోపవలయును. అప్పుడు ఉక్కుకోరలు మంచులో తగులుకొని మనిషిని పల్టీ కొట్టింపకుండునట్లు పాదములు పైకెత్తవలయును. ఆలోచించుటకు వ్యవధి యుండదు. కావున అపాయములేని వాలును ఎన్నుకొని కావలెనని జారి జారి, శరీరమే ఆ పని చేయునంతవరకు అభ్యసింపజేయుదురు. ఇక హిమానీనదమున లోతైన పగుళ్లు కొత్తమంచు క్రింద మాటుపడి యుండును. అందుచే ముగ్గురు నలుగురు ఒకే త్రాటికి కట్టుకొని ఎడము పాటించి నడుతురు. ఒకడు పగులులో పడినచో తక్కినవారు ఆ క్షణమున మంచుపై పడి ఆతనిని నిలుపుదురు. పైకి లాగుట తరువాతి పని.

వీటన్నిటికంటె కంటికి కనబడని శత్రువు గాలి. 5500 మీటర్ల యెత్తున గాలియొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో సగమే. ఎవరెస్టు శిఖరముపై మూడవ వంతు. చౌరీఖాంగ్ వంటి చోట నీరు ఇంచుమించు 85 డిగ్రీల వేడికే మరగును. అందుచే మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు కాచినను పలుకుగనే యుండును; ప్రెషరుకుక్కరు లేనిదే అక్కడ వంట సాగదు. పప్పు ఉడకకున్న పస్తుండవచ్చును. కాని దేహమునకు ప్రాణవాయువు చాలకున్న తలనొప్పి, వాంతులు, తూలుడు కలిగి, ముదిరినచో ఊపిరితిత్తులలోను మెదడులోను నీరు చేరి ప్రాణము పోవును. సంస్థ ప్రథమ ప్రధానాధ్యాపకుడైన జయాల్ 1958లో చో ఓయు పర్వతయాత్రలోనే మరణించెను. కొండ గురువును శిష్యుని వేరుగా చూడదు.

అందుచే కొంచెము కొంచెముగా ఎత్తునకు అలవాటుపడుట, పగలు పైకెక్కి రాత్రి క్రిందికి దిగి నిద్రించుట నేర్పుదురు. జబ్బు ముదిరినప్పుడు నమ్మదగిన చికిత్స క్రిందికి దిగుట ఒక్కటే. ఇచ్చట ఒక చిక్కు కలదు. యువకులు రోషము కొలది తలనొప్పిని దాచుదురు. తోడివారు నవ్వుదురని, జాబితానుండి పేరు తీసివేయుదురని వారి భయము. ఆ దాపరికము మంచుపగులు కంటె అపాయకరమైనది. నాకు బాగులేదని నలుగురిలో చెప్పగలుగుట కూడ ఈ విద్యలో ఒక భాగమే. శిఖరమునకు బయలుదేరు దినమున, ఫలానా వేళకు చేరజాలకున్న ఎంత దగ్గరనున్నను వెనుదిరుగవలయునని ముందే నిర్ణయించుకొందురు. అలసిన మెదడు అక్కడ మంచి నిర్ణయము చేయలేదు గనుక.

తెలుగుపిల్లలు ఈ బడికి పోయినారా యనిన, పోయినారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున పుట్టిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. సాంఘికసంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండెను. గురుకులములలోని పిల్లలకు భువనగిరి కోటయున్న ఏకశిలపై బచినేపల్లి శేఖర్‌బాబు రాళ్లెక్కుట నేర్పెను. అందు నిలిచినవారిని డార్జిలింగు సంస్థకు పంపిరి. అచ్చటినుండి లడఖ్ చలికి పంపి మరల వడగట్టిరి. తుదకు మిగిలినవారు ఇద్దరు: పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారును. నేపాలువైపు పదునారేండ్లలోపువారికి అనుమతి లేదు. కావున టిబెట్టువైపునుండి ఎక్కి, 2014 మే 25వ తేదీన వారు శిఖరము చేరిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. ఎవరెస్టు నెక్కిన బాలికలలో అంత చిన్నది అంతవరకు లేదు. ఆమె ఆ పిమ్మట తక్కిన ఖండముల శిఖరములు కూడ ఎక్కి, 2022లో ఏడింటిని పూర్తిచేసెను. భువనగిరి బండకును ఎవరెస్టునకును నడుమ మెట్లు వేసినది క్రమశిక్షణయే గాని అదృష్టము కాదు.

అట్లని ఈ విద్య నేర్చినవారికి అపాయము లేదని చెప్పుట అసత్యము. ఉత్తరకాశిలో 1965లో స్థాపింపబడిన నెహ్రూ పర్వతారోహణ సంస్థ కూడ ప్రసిద్ధమైన బడి. 2022 అక్టోబరు 4వ తేదీన ఆ సంస్థవారు శిక్షణలో భాగముగా ద్రౌపదీ కా డాండా పర్వతము నెక్కుచుండగా మంచుచరియ విరిగిపడెను. శిక్షకులు, శిక్షితులు కలిసి ఇరువదితొమ్మిదిమంది బలియైరి. మస్తాన్‌బాబు సైతము 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో సెర్రో త్రెస్ క్రూసెస్ శిఖరముపైకి ఒంటరిగా పోయి, తిరిగి రాలేదు. ఏప్రిలు 3వ తేదీన ఆతని దేహము కనబడెను. అంతటి నేర్పరికిని వాతావరణము మినహాయింపు నీయలేదు.

బడి అపాయమును తొలగింపజాలదు. అజ్ఞానమువలన వచ్చు అపాయమును మాత్రము తగ్గించును. బడులు మూసినంత మాత్రమున కొండలకు పోవువారు మానరు; నేర్వనివారు పోవుదురు, అంతే. మరియు హిమాలయపు సరిహద్దులలో సైనికులు ఏడాదిపొడవునను మంచులో కావలి యుండవలసినదే. 2013లో కేదారనాథము వరదపాలైన తరువాత, ఆ యెత్తున పునర్నిర్మాణము సాగించినవారు ఉత్తరకాశి సంస్థవారు. అటువంటి దినమున కొండనెరిగినవాని విలువ తెలియును.

మనాలిలోను కాశ్మీరములోని గుల్మార్గులోను ఇట్టి ప్రభుత్వసంస్థలే కలవు. గుల్మార్గులో కర్రచెప్పుల వంటి పలకలు కాళ్లకు కట్టుకొని మంచువాలులపై జారు స్కీయింగు విద్యకు ప్రాముఖ్యము. అందును మొదట నేర్పునది వేగముగా జారుట కాదు, పలకలను ముక్కుచేర్చి నాగలివలె మంచును దున్నుచు ఆగుట.

పర్వతారోహకులు త్రాటికి కూడ లెక్క వ్రాయుదురు. ఏనాడు కొనిరో, ఎన్నిమార్లు వాడిరో, దానిపై ఎవరైన పడిరో పుస్తకమున నమోదు చేయుదురు. ప్రతిమారు వాడుటకు ముందు ఈ కొసనుండి ఆ కొసవరకు వ్రేళ్లతో తడిమి, తొడుగు చిరిగెనా, లోపల మెత్తబడెనా యని పరీక్షింతురు. ఒక మనిషిని గట్టిపాటునుండి కాపాడిన త్రాడు కంటికి క్రొత్తదివలె నున్నను దానిని మరల ఎక్కుటకు వాడరు. ఇతరులెవ్వరును పొరపాటున తీసికొనకుండునట్లు దానిని చిన్నతునకలుగా కోసివేయుదురు. ఆ తునకలు క్రొత్తగా చేరిన పిల్లలకు ముడులు నేర్చుకొనుటకు పనికివచ్చును.