గడ్డిజాతి మొక్కలలో పూత

గడ్డిజాతి మొక్కలలో పూత ఎప్పుడు రావాలనే దానిని ముఖ్యంగా పగటి నిడివి, ఉష్ణోగ్రత, మొక్కలోని హార్మోన్లు నిర్ణయిస్తాయి. వరి, చోడి (రాగి), గంటె (సజ్జ), జొన్న, చెరకు, గోధుమ, వెదురు మొదలైనవి పోయేసి కుటుంబానికి చెందిన గడ్డిజాతి మొక్కలు. వీటి పువ్వులకు రంగు రేకులు ఉండవు. వరిలో పూగుత్తిని వెన్ను అని, అది బయటకు రావడాన్ని ఈనడం అని అంటారు.

పగటి నిడివి

పగటి నిడివికి మొక్క చూపే స్పందనను కాంతికాలావధి అంటారు. దీనిని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ వివరించారు. పగలు తగ్గినప్పుడు పూసేవి హ్రస్వదీప్తి మొక్కలు (వరి, చోడి, జొన్న), పగలు పెరిగినప్పుడు పూసేవి దీర్ఘదీప్తి మొక్కలు (గోధుమ, బార్లీ). నిజానికి మొక్క గుర్తించేది రాత్రి నిడివిని. రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు ఎర్రని కాంతి పడినా వరి పూత ఆలస్యమవుతుంది. వీధి దీపాల పక్కనున్న మళ్ళలో వరి ఆలస్యంగా ఈనడానికి కారణం ఇదే.

విజయనగరం జిల్లాలోని బొబ్బిలి సుమారు 18.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఇక్కడ జూన్ చివరి వారాలలో పగలు దాదాపు 13 గంటల 15 నిమిషాలు, డిసెంబరు చివరి వారాలలో దాదాపు 11 గంటలు ఉంటుంది. ఏడాది మొత్తంలో తేడా రెండుంపావు గంటలు మాత్రమే అయినా వరి మొక్కకు ఇది చాలును.

ఈ ప్రాంతంలో వరి సాగు వర్షాలపైన, చెరువులపైన ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందువలన ఉభాలు (నాట్లు) ఒక ఏడు జూలైలో, మరొక ఏడు ఆగస్టు చివరలో జరగవచ్చు. కాంతికి స్పందించే దీర్ఘకాలిక రకాలు ముందు నాటినా, ఆలస్యంగా నాటినా కొద్ది రోజుల తేడాతో ఈనుతాయి. ఆలస్యమైన పైరుకు పిలకలు వేసే వ్యవధి తగ్గి దిగుబడి పడిపోతుంది. తటస్థదీప్తి రకాలు ఇందుకు భిన్నం. నెల ఆలస్యంగా విత్తితే కోత కూడా దాదాపు నెల ఆలస్యమవుతుంది. గింజ పాలు పోసుకొనే వేళకు చెరువు ఎండిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఏ రకం మేలనేది వాన ఎప్పుడు పడింది, చెరువులో నీరు ఎంత ఉంది అనేవాటిని బట్టి ఉంటుంది. 1966లో విడుదలైన ఐ.ఆర్.8 వంటి తటస్థ రకాల వలననే నీటి వసతి ఉన్నచోట ఏడాదికి రెండు పంటలు తేలికయ్యాయి.

హార్మోన్ల పాత్ర

ఆకులో పుట్టి కొనకు చేరి పూతను కలిగించే పదార్థం ఒకటి ఉండాలని 1930వ దశకంలో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ ఊహించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది దొరకడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది. వరిలో ఫ్లోరిజెన్ హెచ్‌డి3ఎ అనే ప్రోటీను అని, అది ఆకు నుండి కొనకు ప్రయాణిస్తుందని 2007లో జపాను శాస్త్రవేత్తలు చూపారు. పగలు తగ్గినప్పుడు హెచ్‌డి1 అనే జన్యువు దాని తయారీని ప్రోత్సహిస్తుంది. పగలు పెరిగినప్పుడు అదే జన్యువు అడ్డుకుంటుంది.

జిబ్బరెల్లిన్ పని వేరు. వరిలో ఇది ముఖ్యంగా కణుపుల మధ్య భాగాన్ని సాగదీసి, వెన్నును పోటాకు తొడిమ నుండి బయటకు నెడుతుంది. సంకర వరి విత్తనోత్పత్తిలో ఆడ వరుసల వెన్నులు పూర్తిగా బయటకు రావు కనుక వాటిపై జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని చల్లుతారు. ఐ.ఆర్.8 పొట్టిగా ఉండడానికి కారణం కూడా జిబ్బరెల్లిన్ తయారీలోని లోపమే. లోలియం అనే దీర్ఘదీప్తి గడ్డిలో మాత్రం జిబ్బరెల్లిన్లు పూత సంకేతంగానే పనిచేస్తాయి.

చెరకు

చెరకులో పూత మొదలవడానికి పగలు సుమారు పన్నెండున్నర గంటలకు తగ్గుతూ రావాలి. బొబ్బిలి అక్షాంశంలో ఇది ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట జరుగుతుంది. పూసిన గడ ఇక పెరగదు. కోయకుండా ఎక్కువ కాలం ఉంచితే బెండు బారి చక్కెర తగ్గుతుంది. పూత మొదలయ్యే రోజులలో నీరు తగ్గించడం, ఇథిలీన్‌ను విడుదల చేసే ఎథెఫాన్‌ను చల్లడం దీనికి నివారణలు. అనాసలో మాత్రం అదే ఇథిలీన్ పూతను రప్పిస్తుంది.

కొత్త రకాలను రూపొందించేవారికి చెరకు పూయడమే కావాలి. ఉత్తర భారతంలో చెరకు సరిగా పూయదు, విత్తనం కట్టదు. అందుకే 1912లో చెరకు ప్రజనన కేంద్రాన్ని కోయంబత్తూరులో నెలకొల్పారు. ఇప్పటికీ వివిధ రాష్ట్రాల పరిశోధకులు సంకరణాలకు అక్కడికే వెళతారు.