హోమ్ గేటు దాకా వెళ్ళక ముందే అమ్మకు చెప్పండి

గుడివాడ దగ్గర ఒక గ్రామ సంఘంలో యాభై ఏళ్ళకు పైగా సభ్యురాలైన తల్లిని పిల్లలు విజయవాడలో కంటి పరీక్ష అని చెప్పి కారెక్కించారు. కారు ఆగింది వృద్ధాశ్రమం గేటు దగ్గర. ఆమె గొడవ చేయలేదు గాని వెంట తెచ్చిన సంచి మాత్రం విప్పలేదు. మేము చూడ్డానికి వెళ్ళేసరికి ఆరు వారాలు దాటింది. సంచి అప్పటికీ మూతి కట్టి తలగడ పక్కనే ఉంది. ఆరు వారాలు ఎందుకు పట్టిందంటే, అమ్మ హైదరాబాదులో కూతురి దగ్గరుందని పిల్లలు చెప్పారు, మేమూ మరి అడగలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

నిజానికి ఆ హోమ్‌లో గదులు శుభ్రంగానే ఉన్నాయి. భోజనం వేళకు పెడుతున్నారు. ఆమెను కుంగదీసింది తనకు చెప్పకుండా తీసుకురావడం.

మన డెల్టాలో పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, పెద్దవాళ్ళు డాబా ఇంట్లో ఒంటరిగా మిగలడం ఇప్పుడు కొత్త కాదు. హోమ్‌కు వెళ్ళడం పాపమని మేము అనము. కొందరికి అదే మేలు. అయితే బంధువులు ఏమనుకుంటారో, సంఘంలో తలెత్తుకోగలమా అనే భయంతో ఆ పని దొంగచాటుగా జరుగుతోంది. నేడు డెబ్బై అయిదు దాటినవారు 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నిండు యౌవనంలో ఉన్నవారు. అలాంటి రోజులు చూసినవారితో ఇల్లు మారే సంగతి ముఖాముఖి చెప్పలేమా?

రెండవ సమూయేలు గ్రంథం 19వ అధ్యాయంలో బర్జిల్లయిని చూడండి. ఎనభై ఏళ్ళవాడు. యెరూషలేముకు వచ్చి తన దగ్గరే ఉండమని సాక్షాత్తు దావీదు రాజే పిలిచాడు. తినేదాని రుచి తెలియడం లేదనీ, పాటలు వినబడడం లేదనీ, తన ఊళ్ళో తల్లిదండ్రుల సమాధి దగ్గరే చనిపోతాననీ ఆ ముసలాయన చెప్పుకున్నాడు. రాజు ఆయనను బలవంతపెట్టలేదు, ముద్దుపెట్టుకొని పంపించాడు. ఎక్కడుండాలో చెప్పుకొనే మాట ఎనభైలో కూడా మనిషికి ఉంటుంది.

కాబట్టి హోమ్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్ళండి. ఒకసారి చెప్పి వెళ్ళండి, ఇంకోసారి చెప్పకుండా మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్ళండి. ఆఫీసు గదిలో కాఫీ తాగి రావడం కాదు, మరుగుదొడ్డి చూడండి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందో లేదో చూడండి. మేనేజరుతో కన్నా అక్కడున్న పెద్దలతో ఎక్కువసేపు కూర్చోండి. రాత్రి పూట ఎంతమంది సిబ్బంది ఉంటారు? నడిరాత్రి ఛాతీ నొప్పి వస్తే ఏ ఆసుపత్రికి, ఎవరి బండిలో తీసుకెళతారు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగింది కదా, అప్పుడు ఈ హోమ్ పరిస్థితి ఏమిటి, మంచం దిగలేనివారిని ఏం చేశారు? ఈ ప్రశ్న అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

కొన్ని హోమ్‌లలో శాకాహారమే వండుతారు. ఆదివారం ఆరాధన నుండి రాగానే చేపల పులుసు తిన్న నాలుకకు అది చిన్న సంగతి కాదు, ముందే తెలుసుకోవాలి.

డబ్బు విషయం. ఉచితంగా చూసేవి, నెలకింతని తీసుకొనేవి, మంచాన పడినవారికి నర్సింగ్ సేవ చేసేవి వేర్వేరు. ఫీజు ఎంత అని అడిగి ఊరుకుంటే చాలదు. డైపర్లు, మందులు, ఆయా, వేసవిలో ఏసీ కరెంటు ఆ ఫీజులో ఉన్నాయా? డిపాజిట్టు తిరిగి ఇస్తారా? అన్నిటికన్నా ముఖ్యం, నడుస్తూ వచ్చిన మనిషి రేపు మంచాన పడితే ఉంచుకుంటారా, తీసుకుపొమ్మంటారా? జవాబులు కాగితం మీద ఉండాలి. ప్రభుత్వ పింఛను తీసుకొనేవారు సచివాలయంలో ముందే అడిగి మార్పించుకోవాలి.

ఇల్లు మారే ముందు ఇంటి కాగితాల మీద సంతకం పెట్టమంటున్న పిల్లలున్నారు. ఇస్తే ఇవ్వండి గాని, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ తెలుసుకొని ఇవ్వండి. పోషిస్తామన్న షరతుతో ఆస్తి తీసుకొని పోషించకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది గనుక దస్తావేజులోనే రాయించుకోండి. పోషణ కోసం ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించే అధికారం ఆ చట్టంలో ఉంది. సలహా కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. దేవునికి అర్పించామని చెప్పి తల్లిదండ్రులకు చేయి దులుపుకొన్నవారిని ప్రభువు గద్దించిన సంగతి మన పిల్లలకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక మొదటి నెల. నిద్ర పట్టదు. పక్క మంచంవారి దగ్గు, తెల్లవారకముందే వెలిగే లైట్లు, ఏడింటికే రాత్రి భోజనం, ఇవేవీ ఆమె యాభై ఏళ్ళ అలవాట్లు కావు. “నన్ను తీసుకుపోండి” అని ఫోనులో ఏడవవచ్చు. మతిమరుపు ఉన్నవారికి కొత్త చోట సాయంత్రాలు మరీ కలవరంగా ఉంటాయి. కొత్త దుప్పటి కొనివ్వకండి, ఇంట్లో కప్పుకొన్నదే పంపండి. పాత ఫోటో, పెద్ద అక్షరాల బైబిలు, పెద్ద బటన్ల ఫోను ఇవ్వండి, బట్టల మీద పేరు కుట్టించండి. బంగారం మాత్రం పంపవద్దు. అలవాటు పడేదాకా ఒక వారం రావద్దని కొన్ని హోమ్‌లవారు చెబుతారు. మేము ఒప్పుకోము. రెండో రోజే వెళ్ళండి, మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పి ఆ రోజుకు తప్పక రండి. వీలైతే ఒక నెల ఉండి చూసేలా మాట్లాడుకొని, నచ్చకపోతే ఇంటికి తెస్తామని మాట ఇవ్వండి. ఇచ్చాక తేవాలి మరి.

కాపరులకు, సంఘ పెద్దలకు ఒక మాట. హోమ్‌కు వెళ్ళినవారి పేరు సంఘ రిజిష్టరులోనే ఉండనివ్వండి. నెలకొకసారి ప్రభువు బల్ల వారి మంచం దగ్గరకు తీసుకువెళ్ళండి. స్త్రీల సమాజంవారు వంతులు వేసుకొని వెళ్ళి పక్కన కూర్చొని ఒక పాట పాడవచ్చు, గదిలో ఇతర మతస్థులుంటే వారిని అడిగే పాడాలి. కన్నుమూస్తే ఎక్కడ భూస్థాపన చేయాలో, ముందు ఎవరికి ఫోను చేయాలో బ్రతికుండగానే అడిగి, రాసి, ఒక ప్రతి హోమ్‌లో, ఒక ప్రతి సంఘంలో ఉంచండి. ఆ ప్రశ్న అడగడానికి మనకు సంకోచం గాని, పెద్దవాళ్ళకు ఉండదు.

గుడివాడ దగ్గరి ఆ తల్లిని మేమడిగాము. తన ఊళ్ళో, భర్త పక్కన అని చెప్పింది. కాగితం మీద రాసి చదివి వినిపించాక, సంచి విప్పి కళ్ళజోడు తీసి, సంతకం పెట్టింది.