కీళ్లవాతం మాత్ర మెదడు క్యాన్సర్‌కు మందవుతుందా?

పరిటాల, కంచికచర్ల, నందిగామ ఊళ్లలో కీళ్లవాతంతో బాధపడేవారిలో కొందరు వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటారు. అసలది క్యాన్సర్ మందు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల తయారుచేసింది. దానికి ముందు వచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో, కొంతకాలమే అయినా, మెరుగు కనిపించింది. ఆ సంగతి 1948లో వెల్లడైంది. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

మెదడులోనే పుట్టి వేగంగా ముదిరే లింఫోమా అనే క్యాన్సర్‌కు నేటికీ మొదటి ఆధారం మెథోట్రెక్సేటే.

అయితే ఆ మాత్రే వేసుకుంటే సరిపోదా? సరిపోదు. మెదడు రక్తనాళాల గోడలు చాలా మందుల్ని లోపలికి రానివ్వవు. మందు తగినంత చేరాలంటే రక్తంలోకి చాలా ఎక్కువగా ఎక్కించాలి. కీళ్లవాతానికి వారానికి 15 మిల్లీగ్రాములు అనుకుందాం. లింఫోమాకు శరీర ఉపరితలం చదరపు మీటరుకు 3.5 గ్రాముల చొప్పున ఇస్తే, 1.6 చదరపు మీటర్ల మనిషికి 5,600 మిల్లీగ్రాములు అవుతుంది. అంటే ఏడేళ్లకు పైగా సరిపడే మాత్రల మందు కొన్ని గంటల్లో నరంలోకి వెళుతుంది.

అంత మందు ప్రాణం తీయదా? విరుగుడు లేకపోతే తీస్తుంది. అందుకే దాదాపు 24 గంటల తర్వాత ల్యూకోవోరిన్ మొదలుపెట్టి ఆరోగ్యమైన కణాలను కాపాడతారు. కిడ్నీలు దెబ్బతినకుండా సెలైన్లు ఎక్కిస్తారు. పరిటాల నుంచి విజయవాడ దగ్గరే అయినా, ఇది పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే వైద్యం కాదు. రక్తంలో మందు తగ్గేదాకా ఆసుపత్రిలోనే ఉండాలి.

మరో పాత రక్త క్యాన్సర్ మందు సైటరబిన్‌ను కలిపితే? 79 మందితో చేసి 2009లో ప్రచురించిన పరీక్షలో, మెథోట్రెక్సేట్ ఒక్కటే ఇచ్చినప్పుడు నూటికి 18 మందిలో కణితి పూర్తిగా కనుమరుగైంది. రెండూ కలిపితే 46 మందిలో. దుష్ఫలితాలూ పెరిగాయి.

గ్లయోబ్లాస్టోమా సంగతి వేరు. అది మెదడు కణజాలంలోకే వేళ్లూనే కణితి, దానికి మెథోట్రెక్సేట్ వైద్యం కాదు. 2005లో వెలువడిన 573 మంది పరీక్షలో రేడియేషన్‌కు టెమోజోలమైడ్ అనే మందు తోడైతే మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండేళ్లు బతికినవారు నూటికి 10 నుంచి 26కు చేరారు. ఆ రెండున్నర నెలల్ని నేను తక్కువగా చూడలేను. ఇదే గ్లయోబ్లాస్టోమాకు రొమ్ము క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్‌ను అల్ట్రాసౌండ్ సాయంతో మెదడులోకి పంపే ప్రయత్నం 17 మందితో జరిగింది, దాని ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అదింకా పరిశోధన దశే.

అందుకే మెదడులో గడ్డ అనగానే ఏ మందని కాదు, బయాప్సీలో అది ఏ రకమని తేలిందో ముందు అడగండి. ఇంట్లో ఉన్న మెథోట్రెక్సేట్‌ను మాత్రం పొరపాటున కూడా రోజూ వేసుకోకండి.